గడప ఇవతలి చెయ్యి

హియెరోనిం జాబియెల్స్కి కార్నేషన్ పూలు పట్టుకుని వీధి మలుపులో నిలబడిపోయాడు. లండన్ శివారు ఈలింగ్‌లో ఆ సాయంత్రం ఇంకా వెలుతురుగానే ఉంది. చిన్ననాటి స్నేహితుడు పోలెక్ ఇంటి కిటికీలోంచి తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద మూతలు పెట్టిన పళ్ళేలు కనిపిస్తున్నాయి. మనుషులే లేరు.

ఇవాళ పోలెక్ నామదినం. అతని అసలు పేరు అపొలినారి. ఆ పేరున్న పునీతుడి పండుగ. నామదినానికి ఎవరూ ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఇంటాయన బల్ల సర్దుకుని ఎదురుచూస్తాడు, అంతే. నిరుడు ఇదే రోజున కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు.

హియెరోనిం, పోలెక్ సొంత ఊరు ల్వూఫ్‌లో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. సైబీరియాలో ఖైదీలుగా ఒకే రంపానికి చెరో కొసా పట్టి చెట్లు కోశారు. ఒకే సైన్యంతో పర్షియా ఎడారి దాటారు. యుద్ధం ముగిసేసరికి సరిహద్దులు మారి వాళ్ళ ఊరు వాళ్ళ దేశంలో లేదు. ఇద్దరూ లండన్‌లో మిగిలిపోయారు. చరిత్రలో డాక్టరేటు ఉన్న హియెరోనిం ఒక హోటల్ నేలమాళిగలో వెండి చెంచాలు తోమే పనిలో కుదిరాడు. పక్కన తోమే మనిషి ఒకప్పటి కర్నల్ కాబట్టి అందులో చిన్నతనమేమీ అనిపించలేదు. శనివారం తమ ప్రవాసుల క్లబ్బుకి వెళితే అందరూ లేచి "ప్రొఫెసర్ గారూ" అనేవారు. గోళ్ళ కింద నలుపు ఎవరూ చూసేవారు కాదు.

చరిత్ర నుంచి అతను మెల్లగా సమాజశాస్త్రం వైపు జరిగాడు. పాత పత్రాలన్నీ అటు దేశంలోనే ఉండిపోయాయి. ఇక్కడ ఉన్నది మనుషులే. ప్రవాసంలో ఉన్న తనవాళ్ళ గురించే పుస్తకం రాశాడు. కోర్టు, పోలీసు, జైలు లేని జనం తమలో ఒకణ్ణి శిక్షించాలనుకుంటే అతనితో చెయ్యి కలపడం మానేస్తారని అందులో ఒక అధ్యాయం. క్లబ్బులో ఆ భాగం చదివినప్పుడు చప్పట్లు ఆగలేదు.

మొన్న మే నెలలో, స్వదేశంలో పోలెక్ తల్లి చివరి రోజుల్లో ఉందని కబురొచ్చింది. పోలెక్ అక్కడి కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వపు కాన్సులేటుకి వెళ్ళి, వీసా ముద్ర వేయించుకుని వెళ్ళాడు. ఆ ప్రభుత్వాన్ని క్లబ్బు గుర్తించదు. ఆ ముద్ర వేయించుకోవడమంటే గుర్తించినట్టే. తల్లిని సాగనంపి తిరిగొచ్చిన పోలెక్ క్లబ్బు నడవాలో, ఎడమచేతిలో ఏదో పొట్లం పట్టుకుని, హియెరోనిం వైపు కుడిచెయ్యి చాచాడు. కార్యదర్శి తెయోఫిలా గారు పక్కనే నిలబడి చూస్తోంది. హియెరోనిం తన చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. తాళాలు వెతుకుతున్నట్టు గలగలలాడించాడు కూడా. గాల్లో ఉండిపోయిన చేతిని పోలెక్ తన బట్టతల మీదికి తీసుకెళ్ళి, లేని జుట్టు సర్దుకున్నాడు.

ఆ గలగల హియెరోనిం చెవిలోంచి పోలేదు.

"వెళ్తున్నారా, లేదా?" అని ఇందాక ఇంట్లో భార్య ఫెలిత్సియా అడిగింది.

"శనివారం క్లబ్బులో నా ప్రసంగం ఉంది కదా. తెయోఫిలా గారిల్లు సరిగ్గా పోలెక్ ఇంటికి ఎదురుగా..."

"పోన్లెండి. మీరు రాసిన పుస్తకం మీరే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు!" పూలు తెచ్చి అతని చేతుల్లో కుక్కింది. "నేను మధ్యాహ్నమే వెళ్ళొచ్చాను. వీధి తలుపులోంచే వెళ్ళాను. ఆయన మీ గురించి ఒక్క మాట అడగలేదండీ. అడిగితే బాగుండేది."

ఇప్పుడు మలుపులో నిలబడి హియెరోనిం ఉపాయం ఆలోచించుకున్నాడు. తలుపు దగ్గర చెయ్యి కలపాలి, పూలివ్వాలి, వచ్చేయాలి. తన వీపు అడ్డంగా ఉంటుంది, ఎదురింటికి ఏమీ కనబడదు.

తలుపు కొట్టగానే తెరుచుకుంది. పోలెక్ మంచి కోటు తొడుక్కుని, మెడకి బో టై కట్టుకుని ఉన్నాడు.

"పోలెక్..." అంటూ హియెరోనిం బయట నిలబడే చెయ్యి చాచాడు.

పోలెక్ ఆ చేతిని చూశాడు. తన చెయ్యి కదపలేదు.

"గడప మీద చేతులు కలుపుతారట్రా? ఇంగ్లీషువాడివైపోయావు. మా అమ్మ చూస్తే చెవి మెలేసేది. లోపలికొచ్చి ఇవ్వు."

గడపకి అటొకరు ఇటొకరు నిలబడి చేతులు కలిపితే స్నేహం చెడుతుందని ల్వూఫ్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. హియెరోనిం మర్చిపోలేదు. పారిపోవాలన్న తొందరలో దాన్ని పక్కన పెట్టాడు. చెవులు వేడెక్కాయి. లోపలికి అడుగు పెట్టాడు. పోలెక్ అప్పుడు చెయ్యి అందుకున్నాడు, గట్టిగానే.

తర్వాత పోలెక్ కిటికీ దగ్గరికెళ్ళి తెర వేసేశాడు.

"ఎండ తగిలితే చేప పాడవుతుంది" అన్నాడు.

ఎండ ఎప్పుడో అటు ఇళ్ళ వెనక్కి జారిపోయింది. ఆ తెర ఎవరికోసమో హియెరోనింకి తెలుసు. ముందు ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి తెలియగానే తలెత్తలేకపోయాడు. వద్దని మాత్రం అనలేదు. కూర్చుని, వడ్డించిన, చల్లగా తినే హెర్రింగ్ చేప తిన్నాడు.

"అమ్మ నిన్ను అడిగింది," గసగసాల కేకు కోస్తూ అన్నాడు పోలెక్. "హిరెక్ ఇంకా కేకులో గసగసాలు వేలితో తవ్వుకు తింటున్నాడా అని."

"ఏం చెప్పావు?"

"ప్రొఫెసర్ అయ్యాడు కదమ్మా, ఫోర్కుతో తవ్వుతున్నాడన్నాను."

ఇద్దరూ నవ్వారు. పోలెక్ లేచి, పొయ్యి పక్కన మేకుకి వేలాడుతున్న ఎండు పుట్టగొడుగుల దండ తీసుకొచ్చాడు.

"మంచం పట్టకముందే అమ్మ నీకోసం ఎండబెట్టి గుచ్చింది. ఆ రోజు క్లబ్బుకి తెచ్చాను. నీకు చెయ్యి ఖాళీ లేదు."

మాటలో కారం లేదు. ఉంటే హియెరోనిం ఏదో ఒకటి చెప్పుకునేవాడు. కేకు పళ్ళెం పక్కకి జరిపాడు. లేచి కిటికీ వైపు నడిచాడు.

"ఒరేయ్ హిరెక్, వద్దురా. శనివారం నీ ప్రసంగం."

"తెలుసు."

తెర మొత్తం పక్కకి లాగాడు. ఎదురింటి మేడమీద తెయోఫిలా గారు పూలకుండీలకి నీళ్ళు పోస్తోంది. తలెత్తి చూసింది. హియెరోనిం నడుము వంచి నమస్కరించాడు. ఆవిడ నీళ్ళడబ్బా లోపల పెట్టుకుని, కిటికీ మూసేసింది.

ధైర్యం చేశానని అనుకుందామని చూశాడు హియెరోనిం. కుదరలేదు. చెయ్యి చాచాల్సిన రోజున తాళాలు మోగించినవాడు ఇవాళ తెర తీశాడు, అంతే. అది కూడా ఆ దండ చూశాక.

"వచ్చి కూర్చో. చేప వేడెక్కిపోతోంది" అన్నాడు వెనక నుంచి పోలెక్.

వచ్చి కూర్చున్నాడు. అలవాటుగా జేబు వైపు వెళ్ళబోయిన చేతిని ఆపి, నల్లని గోళ్ళతో సహా బల్ల మీద పెట్టాడు. పోలెక్ ఆ చేతి పక్కనే దండ ఉంచి, గ్లాసులోకి చెర్రీ సారా వంపాడు. హియెరోనిం గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. పోలెక్ ముఖం వైపు చూడ్డానికి చాలాసేపు పట్టింది.