ఉల్లిగడ్డ మొక్కు

ఆ రోజుల్లో కడుపు గురించి చెప్పుకోవడానికి మా ఇంట్లో రెండే మాటలు ఉండేవి. ఒకటి నిండింది, రెండోది నొస్తంది. నిండితే లేచి చెయ్యి కడుక్కోవాలి, నొస్తే ఇంత వాము నమిలి పడుకోవాలి. ఈ రెండింటికీ మధ్యలో ఇంకో లోకం ఉందనీ, ఆ లోకపు మనుషులు బస్సెక్కే ముందు దేవుణ్ణీ, దిగగానే మరుగుదొడ్డినీ తలుచుకుంటూ బతుకుతారనీ మా జగిత్యాల వాడలో ఎవరికీ తెలియదు. (ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకునేరు, అందరి జేబుల్లో సెల్‌ఫోన్లు మోగుతున్న కాలమే.) నేనప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. రోజూ జగిత్యాల నుంచి బస్సులో పోయి రావడం. పొద్దున్న తిన్నది బస్సు కుదుపులకు సగం దూరంలోనే లెక్కలు అడగడం మొదలుపెట్టేది. క్లాసులో బోర్డు మీద ఒక పెద్ద లెక్క వేసి, "చేస్తా ఉండండి, ఇప్పుడే వస్తా" అని బయటపడేవాణ్ణి. కొన్నాళ్లకు పిల్లలు నాకు "ఇప్పుడే వస్తా సార్" అని పేరు పెట్టారు. చివర సార్ అని కలిపినందుకు వాళ్ల మీద నాకు ఇప్పటికీ అభిమానమే.

ఇక ఓర్చుకోలేక కరీంనగర్‌లో కడుపు డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన అన్ని పరీక్షలూ చేయించి, కాగితాలు పక్కన పెట్టి నవ్వాడు. "పేగుల్ల రోగం లేదు తమ్మీ, పేగులకు కోపం ఉన్నది. కోపం తెప్పిచ్చేటివి కొన్ని దినాలు బంద్ పెట్టు. తగ్గినంక ఒక్కొక్కటి మళ్ల తిని సూద్దాం" అన్నాడు. కోపం తెప్పించేవి ఏమిటంటే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పప్పులు, గోధుమలు, పాలు, పెరుగు, పండ్లలో సగం. ఒక్క మాటలో చెప్పాలంటే మా అమ్మ వంటింట్లో ఉన్నవన్నీ. మిగిలినవి అన్నం, గుడ్డు, మాంసం, ఆలుగడ్డ, టమాట, ఇంకా నాలుగు కూరగాయలు. ఏడవాలో నవ్వాలో తెలియక, బయటికొచ్చి నీళ్లు తాగాను. నీళ్లు మాత్రం తాగొచ్చన్నాడు మహానుభావుడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చాట కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఉల్లిగడ్డ లేంది కూరెట్లయితదిరా? గోలీలిచ్చెటోడు డాక్టర్, సూదిచ్చెటోడు డాక్టర్. ఉల్లిగడ్డ తినద్దని చెప్పెటోడు డాక్టరెట్లయితడు? పంతులైతడు గని" అంది. సరే, మాంసం తినొచ్చు కదా, ఉల్లీ ఎల్లీ లేకుండా కోడికూర వండమన్నాను. ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. "గా కోడి ఉసురు తాకుతది మనకు. సచ్చినదానికి జెరంత ఫలితం ఉండాల్నా లేదా?" అని వండనే లేదు. అట్లా నా ప్రమేయం లేకుండానే మాంసం కూడా బందయింది. ఉప్పూ కారం వేసిన ఆలుగడ్డతో అన్నం తిని, తడిగుడ్డతో మొహం తుడుచుకుని పోయేవాణ్ణి. మా వైపు ఉల్లి, ఎల్లి, మాంసం మూడూ ఒక్కసారిగా మానేసిన మగవాడు కనిపిస్తే జనం ముందు మెడ చూస్తారు, మాల ఉందేమోనని. నా మెడలో మాల లేదు. మాల లేదంటే మొక్కు ఉన్నట్టే.

అమ్మ ఒకరోజు నా పక్కన కూర్చుని గుసగుసగా అంది. "నాకు చెప్పకు కొడుకా. మొక్కు బయటపెడితే ఫలితం పోతది. ఏ దేవునికో గూడ చెప్పకు." నేను "మొక్కు కాదమ్మా, కడుపు" అన్నాను. "ఆఁ, నేనడగలే, నువ్వు చెప్పలే" అని లేచి పోయింది. ఎంత చెప్పినా అదే జవాబు. నిజం చెప్పిన కొద్దీ నా భక్తి పెరుగుతూ పోయింది.

సరిగ్గా ఆ వారంలోనే సిరిసిల్ల నుంచి మా పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది. పిల్ల అక్కడే ఒక బడిలో చిన్నపిల్లలకు చెబుతుంది. తండ్రికి ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు ఉంది. ఫోటో నాకు నచ్చింది. (నచ్చింది అని మర్యాదకు అంటున్నాను, దాన్ని జేబులో పెట్టుకుని కాలేజీకి తీసుకుపోయాను.) ఫోటో వచ్చిన వారం, ఉల్లిగడ్డ పోయిన వారం ఒకటే కావడంతో అమ్మ రెంటినీ కలిపేసింది. ఆమె పెద్దమ్మకు ఫోన్ చేసి "ఎవ్వలకు చెప్పకు" అని చెప్పింది. మా పెద్దమ్మకు ఎవ్వరికీ చెప్పొద్దని చెప్పడమంటే ఊర్లో డప్పు కొట్టించడమే.

పెళ్లిచూపులకు పోయాం. ముందు గదిలో చాప మీద మేము, వెనక షెడ్డులో మగ్గాల చప్పుడు. వాటిని అక్కడ సాంచలు అంటారు. ఆ చప్పుడులో మాట్లాడాలంటే ఎవరైనా కొంచెం గొంతు పెంచాల్సిందే. పిల్ల తండ్రి మీసాలతో, ముక్తసరి మాటలతో నన్ను భయపెట్టేట్టు ఉన్నాడు. పళ్లేలొచ్చాయి. ఉల్లిగడ్డ పకోడి, సేమియా పాయసం, ఆపిల్ ముక్కలు. మా డాక్టర్ దగ్గరుండి సర్దించినట్టు మూడూ నాకు వద్దన్నవే. "నాకు కడుపు బాగుండదు, డాక్టర్ వద్దన్నడు" అని ఉన్నమాట చెప్పాను. పెద్దమ్మ నా తొడ మీద గిచ్చి, పిల్ల నాయనమ్మ చెవిలో చెప్పింది. సాంచల చప్పుడుకు తగ్గట్టు గొంతు పెంచి చెవిలో చెప్పడం వల్ల గదిలో అందరికీ వినపడింది. "గట్లనే అంటడు. మొక్కున్నది. బయటికి చెప్పద్దు గదా." నాయనమ్మ కళ్లు పెద్దవి చేసి "ఎప్పటిసంది?" అంది. "మీ పిల్ల ఫోటో సూసినకాంచి." అప్పుడే మంచినీళ్లు తెచ్చిన పిల్ల ఆగిపోయి నా వైపు చూసింది. ఆ చూపుకు ఉల్లిగడ్డేం ఖర్మ, అన్నం కూడా మానేయొచ్చు. నేను "కాదు, కడుపే" అని మళ్లీ అన్నాను. అందరూ నా అణకువకు మురిసిపోయారు. పిల్ల తండ్రి మాత్రం పకోడీ సగంలో వదిలి, "సాంచలు సూసస్త" అని లేచి పోయాడు. ఈయనకు నేను నచ్చలేదని అనుకున్నాను.

మూడో రోజు కబురొచ్చింది, పిల్ల ఒప్పుకుంది, పెద్దలూ ఒప్పుకున్నారు, ముహూర్తం చూడాలని. నేను గాల్లో తేలుతూ కోరుట్లకు పోయాను. కాలేజీ అయ్యాక బస్టాండు పక్కన భాయ్ హోటల్‌లో రెండు గుడ్ల ఆమ్లెట్ తినడం అప్పటికి నాకు అలవాటు. అమ్మ వండిపెట్టనిది అక్కడ తిని ఒంట్లో కొంచెం సత్తువ తెచ్చుకునేవాణ్ణి. నా కోసం పెనం కడిగి మరీ వేసేవాడు భాయ్. వేస్తూ రోజూ ఒకే మాట అనేవాడు, "క్యా సార్, ప్యాజ్ లేకపాయె, ప్యాజ్ వాసన గూడ లేకపాయె. గిది ఆమ్లెట్ గాదు సార్, జుల్మ్." ఆ రోజు ముక్క నోట్లో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా పెళ్లిచూపుల్లో చూసిన పిల్ల మేనమామ. కోరుట్లలో ఏదో పెళ్లికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాడు. ఆయన నా పళ్లెం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పళ్లెం చూశాడు. "కానియ్యుండ్రి, కానియ్యుండ్రి" అని మాత్రం అని, వచ్చిన బస్సు ఎక్కిపోయాడు. ఆ ముక్క మింగడానికి నాకు రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

నేను జగిత్యాల చేరేలోపు వార్త సిరిసిల్ల చేరింది. పెద్దమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది. "ఏం కొంప ముంచినవురా! మొక్కు తప్పినవట. గుడ్డు తిన్నవట. గది గూడ బస్టాండ్ల నలుగురు సూడంగ!" పిల్ల నాయనమ్మ తీర్పు కూడా ఆమే చెప్పింది. "మొక్కు మొక్కనోనికి పిల్లనియ్యచ్చు. మా పోరి కోసం మొక్కి, మళ్ల తప్పినోనికి ఎట్లిస్తం? గా తప్పు రేపు పోరి మీదికి రాదా?" ముహూర్తం మాట ఆగిపోయింది. అమ్మ తలకు చెయ్యి పెట్టుకుని, ధర్మపురికి పోయి గోదాట్ల మునిగి తప్పు ఒప్పుకొమ్మంది. లేని మొక్కుకు తప్పెట్లా ఒప్పుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు. పోనీ మునిగొద్దామా అని నిజంగానే ఆలోచించాను. కానీ మొక్కు తప్పినవాడిగా ఆ పిల్ల ముందు జీవితమంతా నిలబడాలంటే మనసొప్పలేదు. అట్లాగని పేగులు బాగాలేనివాడికి పిల్లనెవరిస్తారు? ముక్కు కొంచెం వంకరుంటేనే సంబంధాలు తప్పిపోయే ఊర్లు మావి. నాకేమో కనపడని చోట మూరెడు వంకర. అయినా పోయి ఉన్నదున్నట్టు చెప్పి రావాలనే తేల్చుకున్నాను. ఆ పిల్ల దక్కకపోతే పోనీ, అబద్ధపు తప్పుకు మాత్రం పోగొట్టుకోవద్దనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే, పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా, వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. నాయనమ్మ, మేనమామ, మీసాల తండ్రి వరసగా కూర్చున్నారు. తలుపు పరదా వెనక నుంచి గాజుల చప్పుడు. నేను లేచి నిలబడి, అలవాటు కొద్దీ క్లాసు మొదలుపెట్టాను. గాల్లో పేగు బొమ్మ గీశాను. బస్సు కష్టాలు చెప్పాను. "ఇప్పుడే వస్తా సార్" పేరు కూడా దాచలేదు. పరదా వెనక కిసుక్కుమని నవ్వు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనమామ ఒక్కటే అడిగాడు, "అంటె గుడ్డు తినచ్చా?" తినొచ్చన్నాను. నమ్మినట్టు ఎవరి మొహంలోనూ లేదు. అప్పటికే రెండు రోజుల భయం, ఖాళీ కడుపు, బస్సు కుదుపులు కలిసి లోపల పని మొదలుపెట్టాయి. నుదురు చెమట పట్టింది. ఇంకొక్క నిమిషం ఆగితే పరువు మొత్తం పోయేట్టుంది. చెప్పే మాట మధ్యలో ఆపి, "బాత్రూం ఎటు?" అన్నాను.

మీసాల మనిషి చప్పున లేచాడు. నా చెయ్యి పట్టుకుని, సాంచల షెడ్డు మధ్య నుంచి దాదాపు పరుగుమీద తీసుకుపోయాడు. ఆ తొందర, ఆ దారి తెలిసిన తీరు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను బయటికొచ్చేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, సాంచల చప్పుడులో నా చెవి దగ్గరికి వంగాడు. "నిజం చెప్పు బాబూ. ఉల్లిగడ్డ మానేస్తె తగ్గిందా?"

"చానా తగ్గింది" అన్నాను. ఆయన చేతికందిన నూలు కండెను సర్దాడు. "నాకు పెండ్లయినకాంచి ఇదే బాధ. ఒక్కనికి చెప్పలే. చెప్తె నవ్వుతరని. బువ్వ కాడికెల్లి లేసినప్పుడల్లా సాంచలు సూసస్త అంట. అందరు నాకు పనంటె పాణం అనుకుంటరు" అన్నాడు. ఆ పెద్దమనిషి కళ్లు తడయ్యాయి. ఎందుకో నావీ తడయ్యాయి. లోపలికొచ్చి ఆయన చాప మీద కూర్చుంటూనే, "మొక్కూ లేదు, తప్పూ లేదు. ముహూర్తం సూడుండ్రి" అన్నాడు. నాయనమ్మ "గదెట్లరా?" అంటే, "నాకు సమజైంది" అన్నాడు, అంతే. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. పెళ్లిలో ఒక చిన్న గిన్నెడు కూర ఉల్లీ ఎల్లీ లేకుండా వేరే వండించారు. అది పంతులు కోసమని అందరూ అనుకున్నారు. మామా అల్లుళ్లం పక్కపక్కన కూర్చుని ఆ గిన్నె ఖాళీ చేశాం.

పెళ్లికి ముందు ఒకసారి ఆ పిల్ల ఫోన్‌లో అడిగింది. "అంటె నా కోసం గాదా?" కాదన్నాను. "పోనియ్యుండ్రి. మా స్కూల్ల మస్తుమందికి చెప్పుకున్న నేను" అంది. ఆ గొంతులో చిన్నబోయినతనం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మొక్కు మొక్కి ఉంటే ఎంత బాగుండేదని అప్పుడు అనిపించినంతగా ఎప్పుడూ అనిపించలేదు.

పెళ్లయిన మూడేళ్లకు ఆమెను జగిత్యాలలో ఆస్పత్రిలో చేర్చాం. కాన్పు కష్టమవుతోందని, ఆపరేషన్ అని, సంతకం పెట్టమని నర్సు వచ్చింది. సంతకం పెట్టి, వరండాలో నిలబడి జీవితంలో మొదటిసారి మొక్కుదామనుకున్నాను. తీరా ఏం వదులుదామంటే నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉల్లి లేదు, ఎల్లి లేదు, పాలు లేవు. వదిలినవి మళ్లీ వదిలితే దేవుడు ఒప్పుకోడు కదా. వెతగ్గా వెతగ్గా పల్లీలు కనిపించాయి. అప్పటికి నా నాలుకా నా పేగులూ గొడవపడకుండా కలిసి మెచ్చుకునే వస్తువు ప్రపంచంలో అదొక్కటే. వదిలేశాను. తల్లీ బిడ్డా క్షేమంగా బయటికొచ్చారు.

ఇప్పుడు బిడ్డ మూడో తరగతి. ఇన్నేళ్లలో డాక్టర్ చెప్పినట్టే ఒక్కొక్కటీ మళ్లీ తిని చూస్తూ చాలావాటితో రాజీ పడ్డాను, కొంచెం ఉల్లిగడ్డతో సహా. ఆ రోజుల్లో కడుపు, కడుపు అని ఊరూరా మొత్తుకున్నా ఒక్కరినీ నమ్మించలేకపోయిన ఆ బక్కపలచని ఫిజిక్స్ సారును తలుచుకుంటే జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. ఇప్పుడంత కష్టం లేదు. "పల్లీలు గూడ పడ్తలేవా మీకు?" అని ఆమె అప్పట్లో ఒకసారి అడిగింది. పడ్తలేవన్నాను. వెంటనే నమ్మింది. పొద్దున్న అటుకులు చేసినప్పుడల్లా నా పళ్లెంలోంచి పల్లీలన్నీ ఓపికగా ఏరి పక్క పళ్లెంలో వేస్తూ, "డాడీకి పడయి బిడ్డా, నువ్వు తిను" అంటుంది.