చక్రవాణి చందాదారు పెండ్లాం

మా తోడికోడలు కెంపమ్మకు పుట్టింటివాళ్లు సారెతో పాటు భయాన్ని కూడా మూటగట్టి పంపారని నేను ఎగతాళి చేసేదాన్ని. ఉద్దనపల్లి పిల్ల ఆమె. ఉరిమితే భయం, బావి గట్టు ఎక్కాలంటే భయం, కొత్త కోడెను చూస్తే భయం. తాడును చూసి పామనుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఈమె పామును తలచుకొని తాడే ముట్టేది కాదు. ఇంటికి పెద్దకోడలు కాబట్టి నేను అక్కా అని పిలిచేదాన్ని, చిన్నకోడల్నని ఆమె నన్ను చిక్కమ్మా అనేది. ధైర్యం చెప్పే పని మాత్రం నాది. నాకు ఓపిక తక్కువ, "చాల్లే అక్కా" అని కసరడమే నేను చెప్పే ధైర్యం.

అట్లాంటి మనిషి మొగుడు మోటారు సైకిలు కొన్నాడు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బండ్లు బెంగుళూరులో చాలాకాలం చేతులు మారుతూ ఉండేవి. వాటిలో ఒకదాన్ని మా బావ అశ్వత్థప్ప కుందారపల్లికి తెచ్చి ఇంటిముందు నిలబెట్టాడు. మామిడితోట కాపు బేరాలకూ చింతపండు బేరాలకూ ఆయన ఇటు హోసూరుకు, అటు కృష్ణగిరికి తిరగాలి. ఎద్దుల బండిలో పోతే రోజంతా పట్టేది, బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఆయనకు బండి అవసరమే, నేను కాదనను. కానీ అది మొదటిసారి దడదడమన్నప్పుడు అక్క వంటింట్లో గోడకు అతుక్కుపోయింది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆమెను కాపాడింది ఒక మాసపత్రిక. మద్రాసు నుంచి తెలుగులో 'చక్రవాణి' అని వచ్చేది. మోటారు బండ్లు నడిపేవాళ్ల కోసం వేసేవాళ్లు. అందులో 'ప్రమాదం ఎట్లా జరిగింది?' అని నెలనెలా ఒక శీర్షిక. ఎక్కడో ఒక బండి బోల్తా పడి ఉంటుంది. నడిపినవాడు ఏం తప్పు చేశాడో, మనం ఏం చేయాలో, పక్కన కూర్చోబెట్టుకొని చెప్పినట్టు రాసేవాడు పాత సంపాదకుడు. బావ సాయంత్రం ఇంటిముందు జగిలి అరుగు మీద కూర్చొని దాన్ని గట్టిగా చదివేవాడు. అక్క తలుపు చాటు నుంచి వినేది. తడి రోడ్డు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదని పేపరులో వస్తే ఆయన పట్టేవాడు కాదు. దిగుడులో గేరులోనే ఉండాలి, ఇంజనే బండిని పట్టి ఆపుతుంది అని వస్తే అట్లాగే దిగేవాడు. కన్నతల్లి చెప్పినా వినని మనిషి అచ్చులో ఉంటే వినేవాడు. ఆయుధపూజ నాడు బండికి పెట్టిన పసుపూ కుంకుమా చక్రవాణి కట్టకు కూడా పెట్టేవాడంటే చూసుకోండి.

ఇంక అక్క అలవాటు ఒకటి. శూలగిరి వైపు నుంచి మా ఊరికి రోడ్డు దిగుడుగా వస్తుంది. పొద్దు వాలే వేళకు ఆ దిగుడులో బండి సద్దు వినబడేది. సద్దు వింటే మొగుడు బతికి ఉన్నట్టు. అప్పుడు వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టేది. అంతకు ముందు పెట్టేది కాదు. ఇంటిల్లిపాదికీ అన్నం ఆలస్యమవుతుందని నేను గొణిగేదాన్ని.

కొన్నేళ్లు అట్లా గడిచాయి. తర్వాత చక్రవాణి చేతులు మారింది. పాత సంపాదకుడు ఏమయ్యాడో తెలియదు. అట్ట మీద మోటారు బండి పోయి, బండి మీద వాలి నవ్వుతున్న సినిమా పిల్ల వచ్చింది. కాగితం పల్చబడింది. లోపల తలనూనె ప్రకటనలు, బండి నంబరును బట్టి రాశిఫలాలు. ప్రమాదాల శీర్షిక తీసేశారు. ఆ చోట 'పాఠకుల చిట్కాలు' అని పెట్టారు. ఎవడు ఏం రాసి పంపినా వేసేవాళ్లు. రాసినవాడికి ఒక సంచిక ఉచితం.

కృష్ణగిరిలో బండ్లు బాగుచేసే ఆదెప్ప ఒకరోజు మా ఇంటికి వచ్చి, కొత్త సంచిక తిరగేసి కింద పెట్టాడు.

"నేను చందా ఆపేసినానప్పా. ఇది బండ్ల పేపరు కాదు, గడ్డం గీసే అంగట్లో పెట్టే పేపరు."

"అచ్చేసేవాళ్లకు మనకన్నా తెలీదా ఆదెప్పా?" అన్నాడు బావ.

"ఏం తెలుసో ఏమో. ఆ చిట్కాలు మాత్రం నమ్మొద్దు, చెప్తా ఉండా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ నెలే వచ్చిందా చిట్కా. దిగుడు రాగానే ఇంజను ఆపి, గేరు తీసేసి, బండిని వదిలేస్తే పెట్రోలు మిగులుతుందట. ఎవరో మహానుభావుడు రాశాడు. బావ రెండుసార్లు చదివి తల ఊపాడు.

మరుసటి రోజు పొద్దు వాలింది. సద్దు లేదు. అక్క వాకిట్లోకి పోయింది, లోపలికి వచ్చింది, మళ్లీ పోయింది. అంతలో బావ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. బండి అప్పటికే చల్లగా, చప్పుడు లేకుండా ఇంటిముందుకు వచ్చి ఆగి ఉంది. అక్క ఆయన్ను చూసి సంతోషించలేదు. దెయ్యాన్ని చూసినట్టు చూసింది.

ఆ రాత్రే అడిగింది, "ఇంజను ఆపొద్దయ్యా, నాకు బయం" అని. ఆయన నవ్వాడు. తెల్లారి అడిగింది. వారం పోయాక అడిగింది. "నీకు దేనికి బయం లేదు చెప్పు" అన్నాడు. ఆ మాటకు నేనూ నవ్వాను.

అప్పటి నుంచి సాయంత్రాలు నరకమయ్యాయి. వినడానికి ఏమీ లేదు. ఏమీ వినబడకపోతే ఆయన వస్తున్నాడో, దిగుడులో ఏ లారీ కింద పడి ఉన్నాడో తెలిసేది కాదు. రెండింటికీ సద్దు ఒకటే. అక్క చేతిలో చెంబు జారిపడేది. నేను ధైర్యం చెప్పబోతే నా నోరూ ఎండిపోయేది. భయం అంటుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మా చేన్లో కూలికి వచ్చే మారక్క రొప్పుతూ వచ్చి వాకిట్లో కూలబడింది. నెత్తిన ఉండాల్సిన గడ్డిమోపు లేదు.

"పెద్దయ్య బండి దెయ్యం మాదిరి వచ్చెనమ్మా! సద్దే లేదు. మోపుకు తగిలి పోయింది. ఒక్క అడుగు ఇటు పెట్టింటే నేను లేను, ఆయప్పా లేడు."

అక్క మారక్కకు మజ్జిగ ఇచ్చింది. ఆమె చెయ్యి వణకలేదు, అదే నాకు వింతగా తోచింది.

చందా గడువు వచ్చింది. ఆదెప్ప మాట తలకెక్కిందో, సినిమా పిల్లలను ఇంట్లో పెట్టుకోవడం సిగ్గనిపించిందో, బావ ఈ ఏడు కట్టనన్నాడు. నేను అమ్మయ్య అనుకున్నాను. అక్క మాత్రం తలుపు చాటు నుంచి ముందుకొచ్చింది.

"కట్టు. ఆపొద్దు. నువ్వు చదవతా ఉంటే ఇంట్లో కళగా ఉంటాది."

నాకు ఒళ్లు మండింది. కొంపకు నిప్పు పెట్టిన పేపరుకు ఈమె చమురు పోస్తోంది. దొడ్లోకి లాక్కుపోయి నిలదీశాను. అప్పుడు చెప్పింది.

"నేనొక చిట్కా రాసి పంపినా చిక్కమ్మా."

పుట్టింట్లో నేర్చిన నాలుగు అక్షరాలతో రాసిందట. శూలగిరి దిగుడులో నా మొగుడు ఇంజను ఆపి బండి వదిలినాడు, ఎదురుగా వచ్చే మనిషికి సద్దు వినబళ్లేదు, తప్పించబోయి లారీ కింద పడి సచ్చిపోయినాడు, మీరు ఎవరూ ఇంజను ఆపొద్దండి అని. కింద పేరు పెట్టలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక ఆడమనిషి అని పెట్టింది.

"శుభం పలకరా పెండ్లికొడకా అంటే..." అని మొదలుపెట్టి మిగతాది మింగేశాను. పసుపు కుంకాలతో ఉన్న ముత్తైదువ తన చేత్తో తాను ముండమోసినట్టు రాసుకుంటుందా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మన నోట ఏ మాట వస్తే దానికి తథాస్తు అంటారు. మాటకే అంత ఉంటే రాతకు ఎంత ఉంటుంది?

"తెలుసు," అంది అక్క. "అది తపాలా డబ్బాలో పడినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అచ్చయ్యేలోపల అది నిజమైతే?"

ఇంక ఇద్దరం భయపడ్డాం. బావ ఇంకా ఇంజను ఆపి దిగుతూనే ఉన్నాడు. అక్క కుంకుమ పెద్దదిగా పెట్టుకునేది, గంటకొకసారి తాళిబొట్టు తడుముకునేది. ఒక సంచిక వచ్చింది, అందులో లేదు. ఇంకొకటి వచ్చింది, లేదు. వేస్తారో వేయరో తెలియదు, రాసినదాన్ని వెనక్కి పిలిచే దారీ లేదు. రోడ్డు మీద లారీ కీచుమని ఆగితే చాలు, ఇద్దరం చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేవాళ్లం. నన్ను చూసి నాకే సిగ్గేసేది.

వచ్చింది. తలనూనె ప్రకటనకూ రాశిఫలాలకూ మధ్య, ఒక్క అక్షరం దిద్దకుండా వేశారు. ఎవడు ఏం పంపినా వేసే పేపరు కదా, ఆమె బాధా వేసింది. బావ జగిలి మీద గట్టిగా చదువుతూ సగంలో గొంతు తగ్గించాడు. చివర పైకి చదవలేదు. పేపరు మడిచి చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. అచ్చయ్యాక ఎవరి చేతిరాతైనా ఒకటే, ఆయన పోల్చుకోలేదు.

మరుసటి సాయంత్రం దిగుడులో దడదడ వినబడింది. అక్క పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

కథ అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ మా బావ మంచివాడు. శూలగిరి సంతలో అడిగాడు, టీ అంగట్లో అడిగాడు, లారీవాళ్లను అడిగాడు. మన దిగుడులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడకూతురు ఎవరని. ఎవరికీ తెలియదు. చివరకు ఒక చీర, ఒక బస్తా రాగులు సిద్ధం చేసి అక్కను పిలిచాడు.

"ఎవురో పాపం, కనుక్కొని ఇచ్చి వస్తాం రా. ఆమె రాసింటే గదా నేను బతికి ఉండేది. నువ్వు పలకరిస్తే ఆమెకూ ధైర్యంగా ఉంటాది."

అక్క కదల్లేదు. గోడ పట్టుకొని నిలబడింది. ఎన్నాళ్ల నుంచో దాచిన వణుకు అంతా అప్పుడు వచ్చింది.

"యాడికీ పోనక్కర్లేదు. ఆ ఆడమనిషి నేనే."

బావకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో నెత్తురు లేదు. చచ్చింది తానేనని తెలిసిన మనిషి ముఖం అట్లా ఉంటుంది కాబోలు. చీర చేతిలోనే ఉంది.

"ఎంత మాట రాసినావే! నాతో ఒక్క మాట చెప్పింటే నేను వినకపోదునా?"

"చెప్పినాను," అంది అక్క. "దినామూ చెప్పినాను. నువ్వు నవ్వినావు. సచ్చిపోయినావని అచ్చేస్తే విన్నావు."