సత్యవేణి పేరుతో నేను రాసిన క్షమాపణ

కొన్నేళ్లుగా నేను రెండు వాక్యాలు మోస్తున్నాను. అవి నేను రాసినవే. కానీ ఇంకొకరి పేరు మీద ఊరూరా తిరిగాయి. నా పేరు చెప్పకుండా రాస్తున్నాను. ఇదీ పిరికితనమేనని మీరంటే కాదనను. ఒక్కసారి చివరిదాకా వినండి.

మా ఇద్దరిదీ కోనసీమే. నాది సఖినేటిపల్లి. సత్యవేణిది ఉప్పలగుప్తం పక్క పల్లె. స్కూల్లో ఉండగా జిల్లా కబడ్డీ జట్టులో కలిశాం. పెద్దయ్యాక ఒక ప్రైవేటు లీగులో ఒకే జట్టుకు ఆడాం. తను కూతకు వెళ్లేది. నేను మూల నిలబడి, వచ్చినవాళ్ల కాలు పట్టుకునేదాన్ని. ఈలలు తనకి. సెల్ఫీలు తనతో. ఫోను నా చేతిలో పెట్టి "అక్కా, ఒక్క ఫొటో తియ్యండి" అనేవాళ్లు. తీసేదాన్ని. అప్పట్లో అదేం బాధనిపించలేదనే అనుకున్నాను. నిజంగా అనిపించలేదా?

తన పేజీ మొదట తెరిచింది నేనే. పాస్‌వర్డు పెట్టిందీ నేనే. తర్వాత వాళ్లన్నయ్య దొరబాబు చూసుకునేవాడు. మ్యాచ్ ఫొటోలు, పండగ శుభాకాంక్షలు పెట్టేవాడు. పాస్‌వర్డు మార్చాలని ఎవరికీ తోచలేదు. అది నాకు గుర్తుందన్న సంగతే సత్యవేణికి గుర్తులేదు.

ఒక వేసవి సెలవుల్లో తను ఇంటి నుంచి వీడియో పెట్టింది. వాళ్ల వీధి వెనక వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. నూతిలో నీళ్లు ఉప్పెక్కిపోయాయి. వీధిలో ఆడవాళ్లంతా బిందెలతో వచ్చి నిలబడ్డారు. మంగమ్మగారని ఒకావిడ గ్లాసుతో నీళ్లందించింది. సత్యవేణి ఒక గుక్క పట్టి, మింగలేక ఉమ్మేసింది. "నేను కబడ్డీ ఆడుకునేదాన్నండి, నాకు పెద్ద విషయాలు తెలీవు. ఈ నీళ్లు మాత్రం తాగలేమండి" అంది. అంతే. ఎవర్నీ పేరు పెట్టి అనలేదు.

వీడియో పాకిపోయింది. మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆడుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకని తిట్టినవాళ్లూ ఉన్నారు. మా జట్టు యజమానిది రొయ్యల మేత వ్యాపారం. ఆయన మేత పేరే మా జెర్సీల మీద ఉండేది. క్యాంపుకు తిరిగి రాగానే మేనేజరు సత్యవేణిని పిలిచి ఆ వీడియో తీసెయ్యమన్నాడు. తను తియ్యనంది. అప్పుడు నన్ను పిలిచాడు. మీ వైపు పిల్లే కదా, కాస్త నచ్చజెప్పు, లేకపోతే వచ్చే సీజనుకి మీ ఇద్దరినీ తీసుకోవడం కష్టం అన్నాడు.

నచ్చజెప్పమని మాత్రమే అన్నాడు. ఇంకేం చెయ్యమనలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇన్నాళ్లూ నేను దీన్ని మరిచిపోవాలని చూశాను.

నేను సత్యవేణికి ఒక్క మాటైనా చెప్పలేదు. ఆ సాయంత్రం తను మోకాలికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లింది. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని, నా ఫోన్లోనే తన పేజీ తెరిచాను. వీడియో తీసేశాను. తర్వాత ఇలా రాశాను: "చెరువుల గురించి తెలియక మాట్లాడాను, రైతులు క్షమించాలి. మా వీధిలో కొందరు నా చేత అలా చెప్పించారు."

మొదటి వాక్యం భయంతో రాశాను. నాకు ఆట తప్ప వేరే బతుకు లేదు, మా ఇంట్లో అందరూ నా మీదే ఆధారపడ్డారు, ఆ భయాన్ని మీరు కొంతైనా అర్థం చేసుకుంటారనుకుంటాను. కానీ రెండోది? దాన్ని ఎవరడిగారు? ఏ బెదిరింపు రాయించింది? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. సత్యవేణి ఒకరు చెప్పిస్తే చెప్పే మనిషని, సొంత మాట లేని మనిషని, నాలాంటిదేనని జనం అనుకోవాలని నాకనిపించింది. అది అసూయ. దానికి అంతకంటే మంచి పేరు దొరకలేదు.

మర్నాడు తను ఫోను పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "చూడవే, మా అన్నయ్య ఎంత పని చేశాడో" అని ఏడ్చింది. దొరబాబు ఊళ్లో మా యజమాని మేత డిపోలోనే పనిచేసేవాడు. వీడియో తియ్యకపోతే తన ఉద్యోగం పోతుందని అంతకు ముందే ఫోన్లో బతిమాలాడట. పేజీ చూసుకునేదీ అతనే. ఇంకెవర్ని అనుమానిస్తుంది? నేను తన భుజం మీద చెయ్యి వేశాను. 

అది తను రాసింది కాదని సత్యవేణి బయటికి చెప్పలేదు. చెబితే మరెవరు రాశారని అడుగుతారు. అన్నయ్య పేరు బయటికొస్తే వీధి వీధంతా అతని మీద పడుతుంది. అందుకని ఆ మాటలు తనవేనన్నట్టు ఊరుకుంది. అన్నయ్యతో మాత్రం మాట్లాడ్డం మానేసింది. చెరువుల వాళ్లు ఆ వీధికొచ్చి చెప్పించిందెవరని అడిగారు. మంగమ్మగారిని రొయ్యలు వలిచే షెడ్డులో పని మాన్పించారు. సత్యవేణి ఇంటికి వెళ్లినప్పుడు ఆడవాళ్లు తనని చూసి తలుపులు వేసుకున్నారట. ఆ పేజీలో మళ్లీ తను ఏ అభిప్రాయమూ రాయలేదు. సీజను అయ్యాక మోకాలు బాగాలేదని తనని తప్పించారు. నన్ను ఉంచారు.

తర్వాతి ఏడాది దొరబాబు పెళ్లి. సత్యవేణి రానంది. మధ్యవర్తిగా రమ్మని వాళ్లమ్మగారు నన్ను పిలిచారు. పందిరి వెనక దొరబాబు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. పెళ్లికొడుకు బట్టల్లో ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లెమ్మా, నీ మాటంటే దానికి గురి. నువ్వైనా చెప్పమ్మా. నేను రాయలేదు."

"ఆయ్, చెప్తానండి అన్నయ్యగారూ."

"అమ్మ మీద ఒట్టేసి చెప్పేనమ్మా. అయినా నమ్మలేదు. నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నానండి."

"అంతే చాలమ్మా. ఒక్కరైనా నమ్మేరు."

అతను నాకు దణ్ణం పెట్టాడు. నేను ఆ చేతులు కిందికి దించలేదు. అలా నిలబడ్డాను.

మూడో ముడి ఆడపడుచు వెయ్యడం వాళ్లింటి ఆనవాయితీ. ముహూర్తం దగ్గర పడింది. సత్యవేణి రాలేదు. "నువ్వూ నా కూతురులాంటిదానివే, రా అమ్మా" అని వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. వెళ్లాను. ఏదో సాకు చెప్పి పారిపోవచ్చు కదా? పోలేదు. సత్యవేణి వెయ్యాల్సిన ముడి నా చేతులతో వేశాను.

ఇప్పుడు నేను ఆట మానేసి ఒక స్కూల్లో పీఈటీగా ఉన్నాను. మొన్న ఎవరో క్రీడాకారుడు పెట్టిన పోస్టు మీద టీవీలో గొడవ నడుస్తుంటే, స్టాఫ్ రూములో మాట నా వైపు తిరిగింది. "మీ సత్యవేణి కూడా అంతే కదండీ. ముందు అనేసింది, తర్వాత దిద్దుకుంది" అన్నారు ఒక మాస్టారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నిన్న ఫోన్ చేశాను. సత్యవేణి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. క్షేమసమాచారాలు అయ్యాయి. మా స్కూలు పిల్లల గురించి అడిగింది. ఇక ఆపుకోలేక చెప్పేశాను. రెండు వాక్యాలూ నేనే రాశానన్నాను. మీ అన్నయ్యకేం తెలీదన్నాను. ఎందుకు రాశానో మీకు చెప్పినట్టే చెప్పాను, ఏదీ దాచలేదు.

ఫోన్లో తన వెనక కుక్కరు కూత వినిపించింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మా అన్నయ్యకి పెళ్లి ఒక్కసారే కదే జరిగింది" అంది.

ఫోను పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. చేస్తుందనీ అనుకోవడం లేదు. దొరబాబుకి తనే చెబుతుందో, నేను వెళ్లి చెప్పాలో తెలీదు. వెళ్లాలనే అనిపిస్తోంది. మంగమ్మగారి గుమ్మం ముందు నిలబడి ఏమనాలో మాత్రం ఇంకా తోచలేదు.

ఒక్క సంగతి ఉంది, అదీ దాచను. ఫోను పక్కన పెట్టాక నా గుండె తేలికైంది. అక్కడ తను ఎలా ఉందో తెలీకుండానే తేలికైంది. అందుకు సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే, చాలాకాలం తర్వాత, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.