పైనున్న చిన్నదాని పేర అర్చన

మా కోడలి ఉపగ్రహం పుట్టిన నక్షత్రం ఉత్తర. నేనే పంచాంగం చూసి పెట్టాను. రాకెట్టు లేచిన పొద్దున్న ఇంట్లో వాళ్ళంతా టీవీ ముందు నిలబడి చప్పట్లు కొడుతుంటే, నేను గడియారం వంక చూసి, పాల కింద పొయ్యి కట్టేసి, దేవుడి గదిలోకి వెళ్ళాను.

పంచాంగం చూడ్డం నాకు మా నాన్నగారు నేర్పారు. మాది లంక ఊరు. బడికి వెళ్ళాలంటే పాయ దాటాలి. ఆడపిల్లని రోజూ పడవెక్కించడానికి ఆయనకి మనసొప్పలేదు. అరుగు మీద కూర్చోబెట్టి తనకి వచ్చిందంతా చెప్పారు. అక్షరాలు కుదిరాక చేతిలో పెట్టిన మొదటి పుస్తకం పంచాంగమే. అప్పట్నించీ ఏది పుట్టినా నక్షత్రం చూడందే నాకు తోచదు.

కోడలిది చిన్న కంపెనీ. ఆఫీసు హైదరాబాదులో ఉన్నా, మావాడి ఉద్యోగం యానాంలోనే కాబట్టి పెళ్ళయ్యాక ఆ పిల్ల ఇక్కడికి వచ్చేసి మేడ మీద గదిలోంచి పని చేస్తోంది. తనూ, తనలాంటి మరికొందరూ కలిసి కొన్నేళ్ళు కష్టపడి ఆ ఉపగ్రహాన్ని తయారు చేశారు. చూస్తే మన బియ్యం డబ్బా అంత ఉంటుంది. తీరం వెంబడి ఫొటోలు తీస్తుంది. సముద్రం ఎక్కడ ఒడ్డుని కోస్తోంది, ఏటి నీళ్ళు ఎంత దూరం ఎర్రగా వెళ్తున్నాయి, ఇలాంటివి. ఒకసారి నన్ను పిలిచి చూపించింది. "అత్తయ్యగారూ, ఇదిగో దరియాలతిప్ప. ఇది మన వంతెన. మనిల్లు ఈ చుక్కలో ఎక్కడో ఉంటుంది." ఆ చుక్కని వేలితో తాకి కళ్ళకద్దుకున్నాను. కోడలు నవ్వింది గానీ వద్దనలేదు.

ఆ వారమే గుడికి వెళ్ళి అర్చన చీటీ తీసుకున్నాను. మా వెంకన్నబాబు గుళ్ళో పంతులుగారు నన్ను కాపురానికి వచ్చినప్పట్నించీ ఎరుగుదురు. ఇంట్లో అందరి పేర్లూ చదివాక, ఇంకోటుందండీ అన్నాను.

"ఆయ్, చెప్పండమ్మా. మనవడా, మనవరాలా?"

"మా కోడలు చేసిందండి. ఉపగ్రహం."

పంతులుగారు పళ్ళెం సర్దుకున్నారు. "గోత్రం?"

"కోడలి గోత్రం మా గోత్రమే కదండీ."

"నక్షత్రం?"

"ఉత్తర, రెండో పాదం."

"అన్నీ చూసుకునే వచ్చారన్నమాట," అని ఆయన మంత్రం అందుకున్నారు. పేరు దగ్గర మాత్రం తడుముకుంటే చిన్నది అనండి అన్నాను. అప్పట్నించీ ఆయన చీటీలో అదే పేరు. మా ఇంట్లోనూ అదే.

దానికి పైన గండాలున్నాయని నాకు మొదట్లో తెలీదు. ఆకాశమంటే ఖాళీ అనుకునేదాన్ని. కోడలే చెప్పింది. పైన వేలకి వేలు తిరుగుతున్నాయట. పనిచేసేవి, చచ్చిపోయినవి, విరిగిపోయిన ముక్కలు. తగిలితే రెండూ నుగ్గునుగ్గే. ఏది ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టి, ఫలానా రోజు మీది ఇంకోదానికి దగ్గరగా వెళ్తుంది చూసుకోండి అని వేరే ఏదో దేశం సైన్యం వాళ్ళు హెచ్చరిక పంపేవారు. మన చిన్నదానిలాంటి ఊరూ పేరూ లేనివాటికి కూడా, పైసా తీసుకోకుండా. ఎక్కడి వాళ్ళో ఏమో, ఆ తల్లులు కన్న బిడ్డలు చల్లగా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా అనుకునేదాన్ని.

కానీ హెచ్చరిక వచ్చినప్పుడల్లా కోడలు కంచం ముందునుంచి లేచిపోయేది. పక్కకి జరగడానికి చిన్నదాని పొట్టలో ఉండేది కాస్త ఇంధనం. ఒకసారి జరిపారు, గండం గడిచింది. ఇంకోసారి హెచ్చరిక వచ్చింది, మళ్ళీ జరిపారు. తర్వాత తెలిసిందేమిటంటే, అవతల ఉపగ్రహం వాళ్ళకీ అదే హెచ్చరిక వెళ్ళింది, వాళ్ళూ వాళ్ళదాన్ని జరుపుకున్నారు. ఎవరికి వాళ్ళు మంచి చేశామనుకున్నారు. తీరా చూస్తే రెండూ మళ్ళీ దగ్గరే! దాంతో ఇంకాస్త ఇంధనం ఖర్చు.

మా ఆయన అది విని మంచం మీంచి లేచి కూర్చున్నారు. వంతెన కట్టకముందు యానాం రేవు నుంచి ఎదుర్లంకకి పంటు నడిపిన మనిషి. మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, గేదెల్నీ ఆ దాటింపు పడవ మీదే ఏరు దాటించేవారు.

"అచ్చం మాకు జరిగిందే అమ్మాయ్! మంచు పట్టిన పొద్దున్న ఎదురుగా లాంచీ వచ్చింది. వాడికి దారిద్దామని నేను ఈ పక్కకి తిప్పాను. నాకు దారిద్దామని వాడూ ఇటే తిప్పాడు. ధడేలుమని కొట్టుకున్నాం. పెళ్ళివారి కాజాల బుట్ట గోదాట్లో పడింది. ఆవేళ చేపలకి పండగ."

"మరి తర్వాత ఏం చేసేవారు మామయ్యగారూ?"

"ముందు చూసినవాడు కేకెయ్యాలి. అవతలివాడు నేనిలా వెళ్తున్నానని పలకాలి. ఆ పలుకు వినపడేదాకా చుక్కాని ముట్టుకోకూడదు. అంతే. మీరూ కేకెయ్యండి."

"మాకూ తెలుసండి ఆ సంగతి. ఎవరికి వెయ్యాలి? అవతలివాళ్ళెవరో పట్టుకోడానికే రెండు రోజులు పడుతుంది. మిలటరీ వాళ్ళని అడిగితే చెప్పగలిగినంతే చెప్తారు. వాళ్ళ అసలు పని వాళ్ళ దేశం కాపలా. మనతో కూర్చుని మాట్లాడ్డానికి వాళ్ళకి వీలుపడదు కదా."

ఇప్పుడిక ఇంధనం మిగిలింది ఒక్కసారికే అని కూడా ఆ రోజే చెప్పింది. ఆ ఒక్కటీ ఆఖర్న చిన్నదాన్ని కిందికి దించడానికి దాచుకోవాలట. కిందికి దిగుతూ గాలిలోనే కాలిపోతుందట. అది కూడా ఇప్పుడే వాడేస్తే, చిన్నది చచ్చాక పైనే చెత్తయి తిరుగుతూ ఇంకొకళ్ళకి గండమవుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు కోడలు నా వైపు చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక వార్త పట్టుకొచ్చింది. మామూలు ఉపగ్రహాలకి హెచ్చరికలు పంపే పనిని సైన్యం దగ్గర్నుంచి తీసి, ఆ దేశ ప్రభుత్వంలోనే వ్యాపారాలు చూసుకునే శాఖకి ఇస్తున్నారట. సైన్యం చూసేది చూస్తూనే ఉంటుంది. ఉపగ్రహాలున్నవాళ్ళతో మాట్లాడే పని మాత్రం సివిలు ఆఫీసుది.

నాకు భయమే వేసింది. "మిలటరీ వాళ్ళంటే క్రమశిక్షణ ఉంటుంది కదే. ఆఫీసు వాళ్ళు పన్నెండింటికి వచ్చి టీ తాగి పోతేనో?"

అప్పుడే పూజకి మందారాలు కోసుకోడానికి వచ్చిన వెనకింటి మామ్మగారు ఆ మాట విని నా మీద పడ్డారు. ఆవిడ భర్త ఫ్రెంచి వాళ్ళ సైన్యంలో చేసినాయన. "ఏం మాట్లాడతావే! మా ఆయన సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో ఒక్క ముక్క రాసేవారు కాదు. రాయకూడదట. పోయాక నా పింఛను కాగితాలు చూసినవాడు మామూలు గుమాస్తా. ఆ అబ్బాయికి తుపాకీ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. అయితేనేం, నేను ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. మీ పిల్లకి కావలసింది కాపలావాడా, చెప్పేవాడా?"

"రెండూ కావాలి మామ్మగారూ," అంది కోడలు నవ్వుతూ.

"అయితే ఇద్దరూ ఉంటారని చెప్తున్నావుగా. ఇంకేం? ఆ కొమ్మ వంచు, నాకందట్లేదు."

మామ్మగారు అలా తేల్చేశారు గానీ ఆ మార్పు అంత తొందరగా తేలలేదు. మధ్యలో డబ్బు ఇవ్వరేమో, ఆ ఆఫీసే ఉండదేమో అని ఓ మాట వచ్చింది. కోడలు రోజూ వార్తలు చూసేది. పాతవాళ్ళు వదిలేసి కొత్తవాళ్ళు అందుకోకముందే ఏదైనా జరిగితే అని తన బెంగ. నేను చెయ్యగలిగింది నేను చేశాను. శనివారం శనివారం చిన్నదాని పేర చీటీ తీసుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. గోదారి ఎర్రబడింది. పులస రోజుల్లో శ్రావణమేంటే అని మా ఆయన ఏటా లాగే సణుగుతున్నారు. మర్నాటి శుక్రవారం తాంబూలాలకని నేను శనగలు కడుగుతుంటే మధ్యాహ్నం కోడలు మేడ దిగి వచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది.

"రేపు పొద్దున్నండి అత్తయ్యగారూ. ఇదివరకెప్పుడూ ఇంత దగ్గర చెప్పలేదు. అవతలిది పెద్దది."

"ఎవరు చెప్పారు?"

"కొత్త ఆఫీసండి. మొత్తానికి పని అందుకున్నారు."

జరపాలా వద్దా అన్నది హైదరాబాదు వాళ్ళూ తనూ సాయంత్రంలోగా తేల్చుకోవాలి. జరిపితే ఆఖరిది అయిపోతుంది. జరపకపోతే రేపు పొద్దున్న చిన్నది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అప్పుడు తను అంది, "హెచ్చరికలోనే అవతలివాళ్ళని ఎలా కలవాలో ఇచ్చారండి. వాళ్ళకి రాశాను. ఆ ఆఫీసుకీ రాశాను, అవతలివాళ్ళు కదులుతున్నారా అని."

మా ఆయన కిటికీలోంచి తొంగిచూశారు. "కేకేశావన్నమాట!"

"వేశానండి."

"పలికేదాకా చుక్కాని ముట్టకు."

శనగలు నానేశాను. దీపం పెట్టాను. విష్ణు సహస్రనామం చదువుతూ మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయి మళ్ళీ మొదలెట్టాను. చీకటి పడకముందే మేడ మెట్ల మీద ధబధబా చప్పుడైంది. కోడలు ఎప్పుడూ అలా దిగదు.

"పలికారండీ! అవతలిదానికి బోలెడు ఇంధనముందట. వాళ్ళే జరుగుతారట, మనల్ని కదలొద్దన్నారు. ఆ ఆఫీసులో ఒకాయన వాళ్ళ లెక్క తెప్పించుకుని, మన లెక్కా చూసి, మీరు అలాగే ఉండండి, సరిపోతుంది అని రాశారు. మళ్ళీ అనుమానముంటే అడగండి అని కూడా రాశారండీ." ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివి వినిపించింది. కింద ఆయన పేరు కూడా ఉంది. అన్నాళ్ళ హెచ్చరికల్లో ఒక మనిషి పేరు చూడ్డం తనకి అదే మొదలట.

అయినా పొద్దున్న దాకా నమ్మకమేముంది? ఇడ్లీ ఎవరూ ముట్టలేదు. చిన్నది మన దేశం మీదకి వచ్చినప్పుడు కబురు పెడుతుంది. ఆ కబురు కోసం మేడ మీద గదిలో అందరం చేరాం. మావాడు ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని ఫోను చేశాడు. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. తెర మీద ఒక గీత తిన్నగా పడి ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా అది కదిలింది. గుట్టలా పైకి లేచింది. కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాకేం అర్థంకాక, "వచ్చిందా?" అన్నాను.

"వచ్చిందండి. బాగానే ఉంది. పొట్టలో ఉన్నది ఉన్నట్టే ఉంది."

మా ఆయన, ఇడ్లీలు చల్లారిపోయుంటాయి అన్నారు. ఆవేళ కోడలు ఆరు తింది. చట్నీ చాలలేదు.

మర్నాడు శనివారం కావడంతో పది దాటాక గుడికి వెళ్ళాను. పంతులుగారు అలవాటుగా మా అందరి పేర్లూ, చిన్నదాని పేరూ చదివేశారు. నేను కదల్లేదు.

"ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

పేరు చెప్పాను. పలకడానికి నోరు తిరగలేదు. కోడలి చేత మూడుసార్లు అనిపించుకుని వెళ్ళినా తిరగలేదు. పంతులుగారికీ తిరగలేదు.

"ఎవరండీ ఈయన?"

"వేరే దేశం వాడండి. మా కోడలు అడిగితే జవాబు రాశాడు."

"నక్షత్రం?"

"తెలీదండి."

"గోత్రం కూడా తెలీదు గదా." ఆయన కాస్త ఆలోచించి, తులసీదళాలు చేతిలోకి తీసుకున్నారు. "ఫర్వాలేదమ్మా. గోత్రం తెలియని వాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు."

అలాగే చెప్పి, ఆ పేరు ఇద్దరం చెరో రకంగా పలికి, అతనికీ అతని ఇంటిల్లిపాదికీ ఆయురారోగ్యాలు కోరి అర్చన చేయించాను.