రెండు సూత్‌లు, రెండు దారములు

ఇప్పుడంటే ఫోను నొక్కితే పుస్తకం వస్తోంది గానీ, మా కాలంలో పుస్తకం కావాలంటే ముందు మనిషిని పట్టుకోవాలి, ఆ మనిషి మంచి మనసుతో ఉన్న పూట చూసుకోవాలి, మన చేతులకు గ్రీజు లేకుండా కడుక్కోవాలి. నేను బెల్లంపల్లిలో కొత్తగా టర్నర్ పనిలో చేరిన రోజులవి. డిప్లొమా చేతిలో ఉంది, పని ఇంకా చేతికి రాలేదు. మా కాలనీలోనే నాలుగిండ్ల అవతల లేత్ మామ ఉండేవాడు. (వరసకు మామ కాదు. మిషన్ ముట్టుకున్న ప్రతివాడికీ ఆయన మామే.) గని వర్క్‌షాపులో ముప్పై ఏండ్లు లేత్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. అక్కడి పాత సామాను తుక్కు కింద పోతుంటే అందరూ రాగి తీగల మీద పడ్డారట, ఈయన మాత్రం తాను డ్యూటీలో వాడిన లేత్ పుస్తకాన్ని ఏరుకొని ఇంటికి తెచ్చుకున్నాడు. అచ్చంతా ఇంగ్లిషు. కానీ దాని విలువ అచ్చులో లేదు, అంచుల్లో ఉంది. ముప్పై ఏండ్ల పాటు ఏ పని ఎక్కడ చెడిందో, ఎట్లా బాగైందో పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాడు.

మందమర్రి నుంచి చొప్పదండి దాకా మా లాంటి పిచ్చివాళ్లం పదిమందిమి ఉండేవాళ్లం. ఇంటి వెనకాల చిన్న లేత్ పెట్టుకొని, ఆదివారాలు బొమ్మంత ఆవిరి ఇంజన్లు చేసేవాళ్లం. (అవి దేనికి పనికొస్తాయని మా అవ్వ అడిగేది. నేటికీ జవాబు దొరకలేదు.) మా అందరి కన్నూ ఆ పుస్తకం మీదే. కాగితాలు తిప్పితే పొడిపొడిగా రాలుతున్నాయి, ఇంకో రెండు వానాకాలాలు ఆగేటట్టు లేవు. నెల రోజులు వెంటపడితే మామ మెత్తబడ్డాడు.

"తీస్కపో. ఉన్నది ఉన్నట్టు ఎక్కియ్యి. ఒక్క ముక్క తప్పుపోయినా పుస్తకం పెట్టెల పడ్తది, మళ్ల ఎవ్వలకు ఇయ్య" అన్నాడు.

జిరాక్సు తీయిస్తే ఇంగ్లిషు నల్లగా, నిండుగా వచ్చింది. పెన్సిలు రాత మాత్రం పడలేదు. సరే, అంచుల్లోని ముక్కలన్నీ నేనే పెన్నుతో ఎక్కించడానికి కూర్చున్నాను. అక్కడ తగిలింది తెగులు. బడిలో నాకు వ్యాసరచనలో రెండో బహుమతి వచ్చింది. ఆ స్టీలు గిన్నె ఇంట్లో ఉన్నంతకాలం మామ తెలుగును అట్లాగే వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. "గీడ జర ఆగు" అని ఆయన రాస్తే, "ఇచ్చట కించిత్తు ఆగవలెను" అని రాశాను. "బిరాన గుంజకు, పరేషాన్ అయితవ్" అన్నది "త్వరపడి లాగరాదు, చింతాక్రాంతులగుదురు" అయింది. రాసి, కాగితం దూరంగా పెట్టి చూసుకొని మురిసిపోయేవాణ్ని.

మర, అంటే బోల్టుకుండే చుట్లు, కోసే పేజీలో "గట్టు దగ్గెర రెండు సూత్‌లు ఇడిసిపెట్టు" అని ఉంది. గట్టంటే కడ్డీ లావయ్యే మెట్టని తెలుసు గానీ, సూత్ అంటే ఏమిటో నాకు తెలియదు. నేను చదివిందంతా మిల్లీమీటర్ల లెక్క. మామను అడగొచ్చు, కానీ డిప్లొమా చదివినవాడు పోయి సూత్ అంటే ఏందని అడిగితే నామోషీ కాదూ? జిరాక్సు షాపతణ్ని అడిగాను. "సూత్ అంటే దారం" అన్నాడు. ఇంకేం, "గట్టు వద్ద రెండు దారములు విడువవలెను" అని రాసి, పది ప్రతులు కుట్టించి పంచేశాను.

మూడు వారాలకు చొప్పదండి నుంచి పంపుసెట్ల అన్న దిగాడు. రైతుల మోటార్లు బాగుచేస్తాడు, ఆదివారం చర్చి అయినంక ఇంజన్ల పని. సంచిలోంచి ఒక ఇనుప ముక్క తీసి నా ముందు పెట్టాడు. మూడు నెలలు చెక్కిన ఇంజన్ కడ్డీ. మర కోసిన చోట చీరుకుపోయింది.

"తమ్మీ, మేము చర్చికి పోయేటోళ్లం. దారాలు గట్టుడు మాకు లేదు. అయినా పుస్తకంల ఉన్నది గదా అని పాస్టరు గారిని అడిగిన. మిషన్‌కు గదా, మనిషికి కాదు గదా, కట్టుకో అన్నడు. రెండు తెల్లదారాలు ఏలాడదీసిన. అవి సీదా చక్రానికి చుట్టుకున్నయ్, నేను అవి పీకే లోపల కత్తి పోయి గట్టుకు గుద్దింది. గీ దారాలు దేనికి తమ్మీ?"

అదే వారం మా పదిమందిలో పెద్దవాడు, మందమర్రి కరెంటు తాత కలిసి, తాను పసుపు రాసిన దారాలు కట్టాననీ, పని దివ్యంగా జరిగిందనీ మెచ్చుకున్నాడు. (ఆయనకు ఆ పని ముందే వచ్చు.) చేసేది లేక అన్నను వెంటబెట్టుకొని, నా ప్రతి పట్టుకొని మామ ఇంటికి పోయాను. మామ అద్దాలు పెట్టుకొని చదివాడు.

"చింతాక్రాంతులగుదురు. ఎవలు గీయన?"

"నువ్వే మామా."

"నేనెప్పుడు గిట్ల మాట్లాడిన్రా?" అని కాగితం తిప్పాడు. దారముల దగ్గర ఆగాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది. "సూత్ అంటే అంగుళంల ఎనిమిదో వంతు. రెండు సూత్‌లంటే పావు అంగుళం. కత్తి గట్టుకు తాకకుంట గంత జాగ ఇడువాలె. తెల్వకపోతె అడుగద్దా? నాలుగిండ్ల అవతలే ఉంటి గద."

పుస్తకం తీసుకుపోయి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నాకు ఏడుపొచ్చింది. కడ్డీ చెడినందుకు కాదు, పదిమందికి అందవలసింది నా పుణ్యాన ఆగిపోయినందుకు. అప్పుడు పంపుసెట్ల అన్న, మూడు నెలల పని చెడగొట్టుకున్న మనిషి, నా తరఫున మాట్లాడాడు.

"మామా, తప్పు నాది సుత ఉన్నది. దారాల కోసం అంగడి దాంక పోయిన గని, నిన్ను అడుగనీకి ఈడి దాంక రాలే."

మామ పెట్టె తాళం తీసి పుస్తకం మళ్లీ బయటికి తెచ్చాడు. తర్వాత నన్ను చూసి, "రేపటిసంది పొద్దుగాల వచ్చి నా ముంగట కూసో. నేను సదువుత, నువ్వు రాయి. మల్ల సక్కదనం చేసినవో, పెన్ను గుంజుకుంట" అన్నాడు. రెండు నెలలు పోయాను. మాట మాటకూ అడిగాను. లేత్ పని నాకు నిజంగా వచ్చింది ఆ అరుగు మీదే.

ఇప్పుడు మామ లేడు. అసలు పుస్తకమూ పొడైపోయింది. ఆయన చెప్పగా రాసిన ప్రతిని ఫొటోలు తీసి మా ఫోను గ్రూపులో పెట్టాను, ఎక్కడెక్కడివాళ్లో దించుకుంటున్నారు. మొన్న కరీంనగర్ నుంచి ఒక డిప్లొమా అమ్మాయి రాసింది: "సార్, అందరు చదువుకునేటట్టు మీ ప్రతిని కంప్యూటర్ల ఎక్కిస్తున్న. ఒకతాన 'సూడి మీద జర నూనె పెట్టు' అని ఉన్నది. మా ఇంట్ల సూడి బర్రె ఉన్నది గని, గిదేందో సమజైతలేదు. తప్పువడ్డదా? దిద్దాల్నా, ఉంచాల్నా?"

కడుపుబ్బ నవ్వాను. వర్క్‌షాపు ఉర్దూలో మర చుట్టును చూడీ అంటారు, మామ నోట అది సూడి అయింది. ఆ సంగతి రాసి, "దిద్దకు బిడ్డా, పక్కన అర్థం రాయి" అని పంపాను. ఆ అమ్మాయికి నా గురించి గానీ, మామ గురించి గానీ ఏమీ తెలియదు. అయినా మార్చే ముందు ఒక్క మాట అడిగింది. ఆ వయసులో అంత తెలివి నాకు లేకపాయె.