మనింట్లకు వచ్చిండా?

మా మామయ్య పోయారు. కిందటి నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగారు, మళ్లీ లేవలేదు. నేను టీ పెట్టుకొని పోయి పిలిస్తే పలకలేదు. మెదక్‌లో చాలామందికి ఆయన సోషల్ సారు. భారతదేశం మ్యాపు చిన్నగా గీసిన పిల్లల్ని "దేశాన్ని గింత చేసినవేందిరా" అని అడిగిన సారు. నాకు మాత్రం భర్త తండ్రి, ఇంటి పెద్ద, ఈ ఏడాదంతా అరుగు మీద కూర్చుని అమెరికా గురించి కొట్లాడిన మనిషి.

అమెరికా మా ఇంటికి ఆదివారం పేపర్లో వచ్చింది. అందరికంటే ఎక్కువ ప్రభావం చూపిన అమెరికన్లు వందమంది ఎవరో అక్కడి పండితులు తేల్చారని అందులో రాశారు. మామయ్యకు కోపం వచ్చింది. వాళ్ల పనులు మెదక్‌కు కూడా తగులుతున్నప్పుడు మెదక్‌ను ఎందుకు అడగలేదని ఆయన బాధ. వెంటనే ఎదురింటి కాంపౌండర్ సారును కేకేశారు. ఆయన సర్కారు దవాఖానలో పనిచేసి రిటైరైనవారు. ఆదివారం పొద్దున చర్చి, సాయంత్రాలన్నీ మా అరుగు. వందమంది మనకెందుకు, పదిమంది చాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లు తేలిగ్గా ఒప్పుకున్నది ఆ ఒక్క సంగతే.

ఆ పేర్లు నోరు తిరగవని మామయ్య అందరికీ మన పేర్లు పెట్టారు. బల్బాయన, ఫోనాయన, విమానం అన్నదమ్ములు. ఎవరికైనా పరీక్ష ఒకటే: "ఆయన మనింట్లకు వచ్చిండా?" అంటే ఆయన చేసిన పని మన గడప దాటిందా అని. బల్బాయన అడ్డం లేకుండా వచ్చాడు. అధ్యక్షులు చాలామంది బయటే నిలబడ్డారు. మా వాడకట్టులో ఎవరూ విమానం ఎక్కలేదని కాంపౌండర్ సారు అన్నదమ్ములిద్దరినీ ఆపేశారు. ఆయన మరదలు ముంబైకి ఎగిరి వచ్చాక పాపం వాళ్లను లోపలికి రానిచ్చారు. రామాయంపేటలో బండ్లు బాగుచేసే నా భర్త ఒకరోజు ఉడికించిన అమెరికా మక్కలు, అదే స్వీట్‌కార్న్, తెచ్చి వీటిని కనిపెట్టినాయన్ను కూడా చేర్చమన్నాడు. మామయ్య మక్కలు తిన్నారు గానీ మాట పట్టించుకోలేదు.

ఫోనాయన దగ్గర పెద్ద గొడవైంది. ఆయన పుట్టింది వేరే దేశంలో, అమెరికా మనిషని ఎట్లా అంటారని కాంపౌండర్ సారు పట్టుబట్టారు. మాట తట్టనప్పుడు మామయ్య కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకునేవారు. నేను లోపల గంజి వారుస్తున్నాను. తుడుచుకుంటూనే ఆయన వంటింటి వైపు చెయ్యి చూపించారు.

"మా కోడలు పుట్టింది టేక్మాల్‌ల. మరి ఎవలింటి మనిషంటవు?"

 పెళ్లయి ఇన్నేళ్లయినా నేను ఈ ఇంట్లో ఉప్పు డబ్బా జరపాలన్నా ఒకసారి ఆలోచించేదాన్ని. ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది. గంజి సగం బయట పోసుకున్నాను. ఆ సాయంత్రం ఫోనాయన లోపలికొచ్చాడు, ఆయనతో పాటు నేనూ వచ్చాననిపించింది.

మరునాడు అరుగు మీద మూడో కుర్చీ పడింది. ఇకమీదట ముగ్గురూ సరేనంటేనే ఎవరికైనా చోటని మామయ్య చెప్పారు. నాకేం తెలుసని వెనక్కి తగ్గాను.

"తెల్వకుంటే అడుగు బిడ్డా. మేం తెలిసే కొట్లాడుతున్నమా?"

నిజంగానే అడిగాను, విసిగించాను కూడా. నేను జాకెట్లు కుడతాను కాబట్టి కుట్టుమిషను ఆయన కోసం మంకుపట్టు పట్టి గెలిచాను. అంతకుముందు నా మాట ఎవరూ అంతసేపు విననేలేదు.

పదో చోటు దగ్గర బండి ఆగిపోయింది. బస్సులో ఎవరైనా ఏ సీటు మీదైనా కూర్చోవచ్చని కొట్లాడిన నల్లజాతి పాస్టరు కావాలని మామయ్య. పోలియో చుక్కల మందు కనిపెట్టిన డాక్టరు కావాలని కాంపౌండర్ సారు. చర్చికి పోయే మనిషి పాస్టరును కాదంటున్నారని మామయ్య బాగా ఆటపట్టించారు. కానీ ఇద్దరిదీ ఆట కాదు. చిన్నప్పుడు బడిలో మామయ్యను వెనక వేరే గోనెపట్టా మీద కూర్చోబెట్టేవారట. మాకు ఆ సంగతి ఒక్కసారే చెప్పారు. కాంపౌండర్ సారు చెల్లెలు జీవితమంతా కాలు ఈడ్చుకుంటూ నడిచింది. అందుకే ఆయన ఎండలో చుక్కల డబ్బా భుజాన వేసుకుని పల్లెలన్నీ తిరిగారు. నేను ఇద్దరికీ సరేనంటే, ఒకే చోటు ఇద్దరికి ఎట్లా ఇస్తావని ఇద్దరూ కలిసి నన్ను కోప్పడ్డారు. అది తేలకముందే మామయ్య పోయారు.

దినాలయ్యాక కాంపౌండర్ సారు రావడం మానేశారు. సాయంత్రం తన గడపలో కూర్చుని మా అరుగు వైపు చూసేవారు, నేను చూస్తే తల తిప్పుకునేవారు. భార్య లేని ఇల్లు, మాట్లాడే తోడు లేదు. మొన్న ఎట్లనో రోడ్డు దాటి వచ్చారు. కూర్చోలేదు.

"సారు చెప్పిన పాస్టర్నే పెట్టు బిడ్డా. నేను ఒప్పుకుంటున్న. ఇగ అయిపోయింది."

మామయ్య గెలిచారు, సంతోషపడాలి. కానీ కాంపౌండర్ సారు అప్పటికే వెనక్కి తిరిగారు. పదిమంది నిండిపోతే ఈ మనిషి రేపటి నుంచి మా ఇంటికి ఏ పని మీద వస్తారు?

"నేను ఒప్పుకోను సార్" అన్నాను. "మా పిల్లలకు చుక్కలేసింది మీరే గద. ఆ డాక్టరు మనింట్లకు రాలేదా? జర కూసోండ్రి, తేలుద్దాం."

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత మెల్లగా తన కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"గట్లెట్ల అంటవు? పాస్టరు సంగతి నీకేం తెలుసు?" అని మొదలుపెట్టారు. మామయ్య చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా, మామయ్య కంటే గట్టిగా చెబుతున్నారు. నేను ఆయన డాక్టరు కోసం కొట్లాడుతున్నాను. వీధిలైటు వెలిగింది, టీ మీద మీగడ కట్టింది. ఆయన మాటమాటకూ మా ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న కుర్చీ చేతిని తడుతున్నారు.