మూడు పూతల మైనం

ట్రైలర్లకు ఫైబర్‌గ్లాస్ డొప్పలు పోసే ఆ షెడ్డుకు యజమాని రోజూ పదింటికి వస్తాడు. రెసిన్ కంపుకు ముక్కు మూసుకుని గుమ్మంలోనే నిలబడతాడు. కారు తాళంచెవిని చెవిలో తిప్పుకుని, దాని కొన వాసన చూసి, చొక్కాకు తుడుస్తాడు. గాజు నూగు దిగి పనివాళ్ల చేతులు దద్దుర్లు తేలి ఉంటాయి. ఆయన మాత్రం గడియారం వంకే చూస్తాడు.

"ఎన్నిసార్లు రాస్తావయ్యా ఆ మైనం? పెళ్లికూతురికి పౌడరు రాసినట్టు," అన్నాడు ఓ రోజు.

"కొత్త అచ్చు బాబూ. ఆరు పూతలైనా పడకపోతే డొప్ప ఊడిరాదు," అన్నాడు మేస్త్రి.

"మూడు చాల్లే. పూటంతా దండగ."

మూడే వేశారు. మర్నాడు డొప్ప అచ్చును కరుచుకుని కదల్లేదు. రెంటి మధ్యా చీలలు దిగ్గొట్టారు, ఆ సందులో నీళ్లు పోశారు. చివరికి సుత్తులతో బాదితే డొప్పతో పాటు, మేస్త్రి రెండు నెలలు కూర్చుని చేసిన అచ్చు కూడా ముక్కలైంది.

యజమాని మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ముక్కల్ని కాలితో పక్కకు నెట్టి, మైనం డబ్బా మూత తీసి చూశాడు.

"ఇంకా సగం ఉందిగా. జాగ్రత్తగా దాచు," అన్నాడు, తాళంచెవి చెవిలో పెట్టుకుంటూ.